ముందు వెళ్ళిన మూట

విమానాల మైదానంలో నా పని ఆడవాళ్ళను తూయడం. నవ్వొస్తే నవ్వుకోండి. చేరిన కొత్తలో నేనూ నవ్వుకున్నాను.

యుద్ధం రోజుల్లో గన్నవరం దగ్గర పొలాలు చదును చేసి వేసిన మైదానం అది. యుద్ధం అయిపోయాక మామూలు జనం ఎక్కే విమానాలు అక్కడ దిగడం మొదలుపెట్టాయి. అవి ఇప్పటి విమానాల్లాంటివి కావు, చిన్నవి. ఎంత బరువు ఎక్కిందో లెక్క చూసుకోందే నేల విడిచేవి కావు. అందుకని పెట్టెలతో పాటు మనుషుల్నీ కాటా ఎక్కించేవాళ్ళు. మగవాళ్ళు ఎక్కి దిగిపోయేవాళ్ళు. ఆడవాళ్ళతోనే వచ్చింది చిక్కు. పదిమంది మగాళ్ళ ముందు ధాన్యం బస్తాలాగా కాటా మీద నిలబడమంటే ఏ ఇల్లాలు నిలబడుతుంది? ఒక పెద్దింటావిడ అలిగి, వచ్చిన కారులోనే వెనక్కి వెళ్ళిపోయాక, మైదానం ఆఫీసరు గారు ఆడవాళ్ళ గదిలో ఒక కాటా వేయించారు. గుమ్మానికి తెర కట్టించారు. తూయడానికి అంకెలు తెలిసిన ఆడమనిషి కావాలన్నారు. నేను మూడో తరగతి దాకా చదివాను. మా ఆయన అక్కడే పెట్రోలు పీపాల దగ్గర కాపలా ఉండేవాడు. అలా ఆ ఉద్యోగం నాకు వచ్చింది.

సామాను ఇంతకు మించకూడదని కంపెనీలకు ఒక మితి ఉండేది. ఒంటి మీద ఉన్నదానికి మితి లేదు. అందుకని మండు వేసవిలో కూడా ఆడవాళ్ళు ఒకదాని మీద ఒకటి మూడేసి చీరలు కట్టుకుని చెమటలు కక్కుకుంటూ వచ్చేవాళ్ళు. నాకు తెలిసేది. పైకి అనేదాన్ని కాదు. వాళ్ళ చోట నేనున్నా అదే పని చేసేదాన్ని. వస్తువు పారేసుకోవడం కంటే చెమట పట్టడం నయం.

ఈ పుస్తకం చదివే పిల్లల్లో విమానాల దగ్గర కొలువు చేసేవాళ్ళూ ఉంటారు. సీటు లేదని చెప్పి ప్రయాణికుణ్ణి దింపేస్తే కంపెనీ ఏమివ్వాలో, ఎక్కడ బస ఏర్పాటు చెయ్యాలో ఇప్పుడు చట్టాలు ఉన్నాయట. మా రోజుల్లో ప్రయాణికుడికి హక్కు ఉంటుందన్న మాటే మేం వినలేదు. దొర ఎక్కమంటే ఎక్కాలి, దిగమంటే దిగాలి. అలాంటి రోజుల్లో ఒక శనివారం నాడు ఏం జరిగిందో చెబుతాను. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి అది.

మా దగ్గర దిగే కంపెనీల్లో ఒకటి పరదేశపు కంపెనీ. దాని విమానం మద్రాసు నుంచి వచ్చి, మా దగ్గర పెట్రోలు పోసుకుని, కలకత్తా మీదుగా రంగూను పోయేది. బుధవారం ఒకటి, శనివారం ఒకటి. ఆ కంపెనీ తరఫున ఒక దొర రేకుల షెడ్డులో కూర్చునేవాడు. చెడ్డవాడని చెప్పను. మా ఎండకు పాపం మెడ తుడుచుకోవడంతోనే సగం రోజు గడిచేది ఆయనకి. కుక్కలకు బిస్కెట్లు వేసేవాడు. కానీ తన కంపెనీ మాట తప్ప ఇంకో మాట చెవిన పెట్టేవాడు కాదు.

ఆ దొర కింద సామాన్ల గుమాస్తా ఒకడు ఉండేవాడు. హనుమాన్ జంక్షన్ కుర్రాడు. అప్పుడే పెళ్ళయింది. తలకు నూనె కారేలా రాసి పాపిడి తీసుకుని వచ్చేవాడు. నన్ను అక్కాయ్ అని పిలిచేవాడు. మంచివాడే కానీ చేతికి పొదుపు లేదు. సామాన్లకు కట్టే చీటీ మీద ఒక అక్షరం వంకర పోతే చించి పారేసి ఇంకోటి తీసేవాడు. నేను ఆ చించిన ముక్కలు ఏరి, వెనక వైపు ఆడవాళ్ళ బరువులు రాసేదాన్ని. చూసి నవ్వేవాడు. "దొర సొమ్ము దాచిపెడితే నీకేమైనా బహుమానం ఇస్తాడా అక్కాయ్?" అనేవాడు. కాగితం ఎవరిదైతే ఏమిటి, పారేస్తే పాపమే అని నేను కసిరేదాన్ని. మా ఇద్దరికీ రోజూ ఇదే గొడవ. సాయంత్రం తన సైకిలు మీద మా ఇంటికి కట్టెపుల్లలు తెచ్చి పడేసేదీ వాడే.

ఒక బుధవారం పొద్దున, విమానం ఇంకా రాకముందు, బందరు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. నేతవారి ఇంటి ఆవిడ. వెంట మరిది ఉన్నాడు. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. చూస్తే గాలికి ఎగిరిపోయేటట్టుంది. ఒక చేత్తో తెల్లటి గుడ్డ మూటను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుంది. ఈవేళ్టి విమానానికా అని అడిగితే, కాదు, శనివారం విమానానికి, రంగూనుకి అంది.

కూతురు రంగూనులో ఉంది. అల్లుడికి అక్కడ లుంగీల వ్యాపారం. ఆ పిల్లకు ఇంతకు ముందు ఒక గర్భం పోయింది. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. ఓడ ఎక్కితే ఈ బిడ్డ కూడా దక్కదని, మంచం దిగవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. తొలి కాన్పు పుట్టింట్లో కదా జరగాలి.

"ఆ పిల్ల రాలేనప్పుడు పుట్టిల్లే అక్కడికి పోవాలి గదమ్మాయ్," అంది ఆవిడ, అదేదో పక్క వీధికి వెళ్ళే ప్రయాణంలాగా. అంతకు ముందు ఆవిడ గుడివాడ దాటి ఎరగదు.

బుధవారం విమానంలో చోటు దొరకలేదు. శనివారానికి దొరికింది. శనివారం తూర్పుకి ప్రయాణం కట్టకూడదు, వారశూల. ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు గానీ, దానికి మనవాళ్ళు ఒక ఉపాయం పెట్టారు. మంచిరోజు చూసి, ప్రయాణమయ్యే మనిషి గుడ్డ ఒకటి, చిటికెడు పసుపు, గుప్పెడు బియ్యం మూటగట్టి, వెళ్ళే దారిలో ఒక చోట ముందుగా పెట్టి వస్తారు. ప్రస్థానం పెట్టడం అంటారు దాన్ని. మూట బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే లెక్క. ఆ తర్వాత అసలు ప్రయాణం ఏ రోజైనా దోషం లేదు. మళ్ళీ ఇంటికి మాత్రం పోకూడదు, ఇంకెక్కడైనా ఉండాలి. అందుకే ఆవిడ ఆ మూట మా దగ్గర పెట్టి, శనివారం దాకా బెజవాడలో చుట్టాలింట్లో ఉంటానని వచ్చింది.

ఆవిడది ఉత్త పసుపు బియ్యం మూట కాదు. అందులో కడిగి కడిగి మెత్తబడ్డ తన పాత చీరలు చింపి చేసిన పొత్తిగుడ్డలు ఉన్నాయి. బాలింతకు పెట్టే కాయం ఉంది, శొంఠి, వాము, ఆముదం సీసా ఉన్నాయి. ఎలాగూ మూట కడుతున్నాం కదా, ఉత్తది ఎందుకని పురుడు సామానంతా అందులోనే పెట్టింది. ఆ పద్ధతి నాకు నచ్చింది. కానీ గదిలో పెడతానంటే ఒప్పుకోలేదు. మనిషి లేని మూట ఆడవాళ్ళ గదిలో ఉండకూడదు, అది నా నియమం. రేపు ఏదైనా పోతే నా మీదికి వస్తుంది. సామాన్ల షెడ్డులో ఇవ్వమని గుమాస్తా దగ్గరకు పంపించాను.

వాడు ప్రస్థానం అనగానే అర్థం చేసుకున్నాడు. వాళ్ళ అమ్మ కూడా అలాగే పెడుతుందట. కానీ చీటీ లేని వస్తువు షెడ్డులో ఉంటే దొర ఊరుకోడు. మూటను తూచి, ఆవిడ పేరు, రంగూను అని రాసి చీటీ కట్టాడు. ఆవిడ మూటను ఒకసారి కళ్ళకద్దుకుని, వెనక్కి చూడకుండా మరిది వెంట వెళ్ళిపోయింది. నేను నా పనిలో పడ్డాను.

శనివారం ఆవిడే అందరికంటే ముందు వచ్చింది. మరిది గేటు దగ్గరే సాగనంపి, తిరుగు బస్సుకి వెళ్ళిపోయాడు. తెర దించి కాటా ఎక్కించాను. రెండు చీరలు కట్టుకుంది. అవి కలిపి తూచినా కాటా ముల్లు మొహమాటంగా కదిలింది. భయపడుతున్నారా పిన్నిగారూ అని అడిగాను. కాన్పు కంటే భయమా అమ్మాయ్ అంది. బల్ల మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, విమానం ఎప్పుడు వస్తుందా అని పైకి చూస్తూ ఉండిపోయింది.

విమానం వచ్చింది. పెట్రోలు పోస్తున్నారు. అప్పుడు గుమాస్తా తెర బయట నిలబడి నెమ్మదిగా పిలిచాడు.

"అక్కాయ్, ఒకసారి ఇలా రా."

వెళ్ళాను. రంగూను ఆవిడకు సీటు లేదంటున్నాడు దొర, అన్నాడు. బరువు ఎక్కువైందట. వచ్చే బుధవారం చూద్దాం, కాకపోతే ఆ పై శనివారం అన్నాడట. ఆవిడ బరువేమిటి, నా కొంగుముడంత లేదే అన్నాను. వాడు షెడ్డు వైపు చూపించాడు. నూజివీడు మామిడిపళ్ళ బుట్టలు విమానంలోకి ఎక్కుతున్నాయి. రంగూనులో కంపెనీ పెద్దదొర ఒకాయనకు విందు ఉందట, మద్రాసు నుంచి అప్పటికప్పుడు కబురొచ్చిందట. బుట్టలు ఎక్కితే మనిషి మిగిలిపోయింది. ఆ విమానంలో ఒంటరిగా, అడిగేవాళ్ళు లేకుండా వెళుతున్నది ఆవిడొక్కతే.

అది చెప్పి వాడు కదల్లేదు. కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు.

"ఇంకేంట్రా?"

"మూట కూడా లేదక్కాయ్. బుధవారమే వెళ్ళిపోయింది."

ఆ బుధవారం వాడికి తొందర. అత్తారింటి నుంచి బావమరుదులు వచ్చారట, బెజవాడలో సినిమాకు తీసుకువెళ్ళాలట. రంగూను చీటీ ఉన్నవన్నీ ఎక్కించెయ్యమని కూలీలతో చెప్పి, చూడకుండానే టిక్కులు పెట్టేసి, సైకిలెక్కాడు. మూటకు రంగూను చీటీ ఉంది. మూట వెళ్ళింది. గురువారం పొద్దున షెడ్డులో అది కనబడకపోయేసరికి వాడికి సంగతి తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఎలాగూ శనివారం వెళుతుంది, అక్కడ మూట ఆవిడకు అందుతుంది, గొడవ ఉండదు అనుకున్నాడు.

తిట్టడానికి అప్పుడు తీరిక లేదు. లోపలికి వెళ్ళి సీటు సంగతి మాత్రం ఆవిడతో చెప్పాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. బుధవారం అంటే ఎట్లాగమ్మా, ఆ పిల్ల ఇవాళో రేపో అన్నట్టుంది అని మాత్రం అంది. లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఎవరిని అడగాలో చెప్పు, అడుగుతాను అంది.

ఆఫీసరు గారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన మద్రాసు వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడేవారు. ఎండలో మేం నిలబడి ఉండటం చూసి ముందు నీళ్ళు తాగమన్నారు. టిక్కెట్టు తీసుకుని చదివారు. వెనక వైపు చిన్న అక్షరాలు కూడా చదివారు. దొరను పిలిపించారు. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. ఆఫీసరు గారి గొంతు పెరిగింది, దొర గొంతు పెరగలేదు. దాంతోనే నాకు తెలిసింది ఎవరిది పైచెయ్యో. దొర వెళ్ళిపోయాక ఆయన ఆవిడతో ఉన్నదున్నట్టు చెప్పారు.

"బరువు ఎక్కువైతే ప్రయాణికుల్ని తర్వాతి విమానానికి నిలిపేయవచ్చని వాళ్ళు టిక్కెట్టు మీదే రాసుకున్నారమ్మా. మామిడిపళ్ళు బరువు కాదా అంటే, అదీ మా బరువే అంటాడు. సీటు సంగతి మీకూ కంపెనీకీ మధ్య వ్యవహారం. మా ప్రభుత్వం చట్టం ఏదైనా వాళ్ళు తప్పితే విమానాన్ని ఆపే అధికారం నాకుంది. ఉత్తపుణ్యానికి ఆపలేను."

ఆ మాట అన్నప్పుడు గుమాస్తా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను వాడి మొహం చూశాను. వాడు నా మొహం చూడలేదు.

ఆవిణ్ణి గదిలో కూర్చోబెట్టి, వాణ్ణి షెడ్డు పక్కకు పిలిచాను. మనిషి లేకుండా మనిషి సామాను దేశం దాటడం తప్పా కాదా అని అడిగాను. తప్పే అన్నాడు. రంగూను ఇప్పుడు వేరే దేశం, కలకత్తాలో కస్టమ్స్ వాళ్ళకి తెలిస్తే కంపెనీ మెడకు చుట్టుకుంటుంది అన్నాడు. మరి ఆఫీసరు గారితో చెప్పు అన్నాను.

"చెబితే ఈ పూటే నన్ను పొమ్మంటాడు దొర. కొత్తగా కాపురం పెట్టాను అక్కాయ్. మా ఇంట్లో సంపాదించేవాణ్ణి నేనొక్కణ్ణే."

వాడన్నది అబద్ధం కాదు. ముసలి తండ్రి, పెళ్ళికి ఎదిగిన చెల్లెళ్ళు ఉన్నారు వాడికి. నేను ఓదార్చలేదు. ఓదార్చడం నాకు చేతకాని పని. చెబితే నీ ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఆవిడ ప్రయాణం పోతుంది, రెండిట్లో ఏది పెద్దదో నువ్వే చూసుకో అన్నాను. నేను వెళ్ళి చెప్పగలను. చెప్పను. నేను చెబితే అది చాడీ. నీ నోటి నుంచి వస్తేనే అది మాట. ఇలాంటివే ఏవో అన్నాను. వాడు షెడ్డు స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు ఆవిడే మా దగ్గరకు వచ్చింది. తల మీద కొంగు కప్పుకుని, ఎండలో, చెప్పులు లేకుండా.

"నాయనా, నా మూట ఇటిచ్చెయ్యి. ప్రయాణం లేదంటున్నారు గదా. ఈ రేకుల కింద వేడికి కాయం కరిగిపోద్ది. మళ్ళీ మంచిరోజు చూసుకుని పెట్టుకుంటాలే."

వాడు నా వైపు చూశాడు. నేను పక్కకు తిరిగి నిలబడ్డాను.

"మూట ఇక్కడ లేదు పిన్నిగారూ," అన్నాడు చివరికి. "మొన్న బుధవారం విమానంలో వెళ్ళిపోయింది. నేనే చూసుకోలేదు."

"ఎక్కడికి వెళ్ళింది?"

"రంగూను."

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. అప్పటిదాకా రాని నీళ్ళు అప్పుడు వచ్చాయి కళ్ళల్లోకి. వాణ్ణి ఒక్క మాట అనలేదు. తనలో తాను అనుకుంటున్నట్టు అంది, "మనిషి లేకుండా మూట దిగితే మా అల్లుడేమనుకుంటాడు? విమానం నుంచి పడిపోయాననుకోడూ. ఆ మాట నా బిడ్డతో అంటే అది తట్టుకుంటదా?"

గుమాస్తా స్తంభం వదిలేశాడు. ఆవిణ్ణి లేపలేదు, నాతో చెప్పలేదు. తిన్నగా ఆఫీసరు గారి గదిలోకి నడిచాడు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

వాడు మొదట ఇంగ్లీషులో చెప్పాడు. తర్వాత, ఆవిడకు కూడా వినిపించాలని కాబోలు, తెలుగులో చెప్పాడు. చీటీ నేనే కట్టాను, చూడకుండా నేనే ఎక్కించమన్నాను, మూడు రోజులు దాచిపెట్టాను అని ఏదీ మిగల్చకుండా చెప్పాడు. ఆఫీసరు గారు వింటూ వింటూ లేచి టోపీ పెట్టుకున్నారు.

"నువ్వు ఏం చెబుతున్నావో నీకు తెలుసు కదా?" అని అడిగారు.

"తెలుసండి."

ముందు ఆయన జెండా ఊపే మనిషికి కబురు పంపారు, నేను చెప్పేదాకా విమానానికి సైగ ఇవ్వవద్దని. ఆ తర్వాత దొర షెడ్డుకి వెళ్ళారు. అక్కడ జరిగింది గుమాస్తా తర్వాత మాకు తెలుగులో చెప్పాడు. ఈమె సామాను మీ చీటీ కట్టి, మీ విమానంలో దేశం దాటించారు, అంటే ఈమె ప్రయాణం మీరు మొదలుపెట్టినట్టే అన్నారట ఆఫీసరు గారు. సగం ప్రయాణికుణ్ణి తీసుకువెళ్ళి సగం వదిలేస్తామంటే మా చట్టం ఒప్పుకోదు. ఆమెనన్నా పంపించండి, లేకపోతే ఆ మూటనన్నా ఇప్పుడు తెప్పించండి. రెండూ కుదరదంటే కలకత్తాకు తంతి కొడతాను, జవాబు వచ్చేదాకా విమానం ఇక్కడే ఉంటుంది. అది గుమాస్తా తప్పు గానీ కంపెనీ తప్పు కాదన్నాడట దొర. గుమాస్తా ఎవరివాడు అని అడిగారట ఆఫీసరు గారు.

ప్రస్థానం అంటే ఏమిటో వాళ్ళిద్దరిలో ఎవరూ మాట్లాడుకోలేదు. కానీ మూట బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే అని మన పెద్దవాళ్ళు అన్నదీ, ఆఫీసరు గారి చట్టం అన్నదీ ఆ పూటకి ఒకటే అయింది. ఇంత బతుకులో నాకు చట్టం అర్థమైంది ఆ ఒక్కసారే.

విమానంలో ఎక్కినవాళ్ళు కిటికీల్లోంచి చూస్తూ విసురుకుంటున్నారు. దొర గడియారం చూసుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు, మళ్ళీ గడియారం చూసుకున్నాడు. చివరికి చెయ్యి ఊపాడు. కూలీలు మామిడిపళ్ళ బుట్టలు దింపడం మొదలుపెట్టారు. వాళ్ళు ఏ సామానూ అంత హుషారుగా దింపగా నేను చూడలేదు. ఒక బుట్ట చేతిలోంచి జారి పళ్ళు దొర్లాయి. మైదానమంతా రసాల వాసన. నలుగురు చేతులు చాపారు. నేను ఒక్కటి కూడా ముట్టుకోనివ్వలేదు. అన్నీ ఏరి, కొంగుతో దుమ్ము తుడిచి, బుట్టలో పెట్టి దొర ముందు పెట్టాను. మన మాట నెగ్గిన రోజున మన చెయ్యి శుభ్రంగా ఉండాలి. ఆ పళ్ళు ఆయన ఏం చేసుకున్నాడో నాకు తెలియదు. మనసు మాత్రం పీకింది, అంత మంచి పళ్ళు ఎండకు పాడవుతాయని.

విమానం మెట్ల దగ్గర ఆవిడ ఆగిపోయింది. అటక నిచ్చెన తప్ప ఇంకేదీ ఎక్కి ఎరగదు. నేను చెయ్యి పట్టుకుని రెండు మెట్లు ఎక్కించాను. ఆవిడ వెనక్కి తిరిగి ఆఫీసరు గారికి దణ్ణం పెట్టింది. దొరకి కూడా పెట్టింది. పాపం ఆయనకు ఏం చెయ్యాలో తోచక టోపీ తీశాడు. గుమాస్తా దూరంగా నిలబడి ఉన్నాడు. వాడి వైపు చూసి, "వస్తాను నాయనా," అంది. వాడు తల ఊపాడు. తలుపు వేశారు.

వాడనుకున్నట్టే ఆ సాయంత్రమే వాణ్ణి పనిలోంచి తీసేశారు. ఆఫీసరు గారు దొరతో రెండుసార్లు మాట్లాడి చూశారు, లాభం లేకపోయింది. కంపెనీ వాళ్ళ ఉద్యోగం కంపెనీ వాళ్ళ ఇష్టం. వాడు సైకిలు తీసుకుని వెళుతుంటే నేను మధ్యాహ్నం తినకుండా మిగిల్చిన అన్నం గిన్నె ఇచ్చాను. గిన్నె తిరిగి తెచ్చివ్వు, పోగొట్టావంటే ఊరుకోను అన్నాను. అంతకు మించి మంచి మాట నా నోటికి రాలేదు. వారం తిరక్కుండా తెచ్చి ఇచ్చాడు. తోమి మరీ తెచ్చాడు. హనుమాన్ జంక్షన్‌లో బస్సులు బాగుచేసే ఒకాయన దగ్గర చేరానని చెప్పాడు. కడిగేదీ, తుడిచేదీ వాడి పని. జీతం సగానికి సగం తగ్గింది.

వాడి స్థానంలో వచ్చిన గుమాస్తా చీటీలు జాగ్రత్తగా వాడేవాడు. ఒక్కటి చించేవాడు కాదు. అతనితో నాకు మాట్లాడటానికి ఏమీ ఉండేది కాదు.

రంగూను నుంచి ఏ కబురూ లేదు. ఎవరు పంపుతారు మాకు? నేను అప్పుడప్పుడు లెక్క వేసుకునేదాన్ని, ఆ పిల్లకు ఈపాటికి నీళ్ళు పోసి ఉంటారు, ఈపాటికి బిడ్డ బోర్లా పడి ఉంటుంది అని. బతికి ఉంటే. ఆ చివరి మాట తోసేసేదాన్ని.

వానలు వెనకబట్టాక ఒకరోజు ఆడవాళ్ళ గది తెర తొలగించుకుని ఆవిడ వచ్చింది. పక్కన కూతురు. కూతురి భుజం మీద నిద్రపోతున్న ఆడపిల్ల. అక్కడి పరిస్థితులు బాగా లేవని అల్లుడు కొట్టు కట్టేశాడట. అందరూ ఓడలో వచ్చేశారు. ఇల్లు చేరగానే ఆవిడ మొదట బయలుదేరింది మా దగ్గరకే. నన్ను పలకరించి, ఆఫీసరు గారికి దణ్ణం చెప్పమని, ఆ కుర్రాడేడి అని అడిగింది. చెప్పాను. ఆవిడ బల్ల మీద కూర్చోబోయి లేచింది. నన్ను అక్కడికి తీసుకుపోమ్మా అంది. ఉద్యోగంలో చేరాక నేను అడిగి సెలవు పెట్టిన మొదటి రోజు అది.

జంక్షన్‌లో బస్సు కింద నుంచి వాడు బయటికి వచ్చేసరికి మోచేతుల దాకా నల్లటి గ్రీజు. ముందు నన్ను చూసి నవ్వాడు. తర్వాత ఆవిణ్ణి చూశాడు. ఆ వెనక కూతురి భుజం మీది పిల్లను చూశాడు. నవ్వు ఆగిపోయింది.

ఆవిడ నిలబడే చెప్పింది. మూట ఒక్కటే దిగి, కంపెనీ వాళ్ళు పిలిచి ఇచ్చేసరికి అల్లుడికి కాళ్ళూ చేతులూ ఆడలేదట. ఇంటికి తెచ్చి మూల దాచిపెట్టాడట. కూతురు చూసేసింది. మంచం మీద నుంచే ఇటు తెమ్మంది, విప్పింది, అమ్మ చీరలు వాసన చూసింది. పసుపూ బియ్యమూ కనబడగానే, ఇది ప్రస్థానం, మా అమ్మ బయలుదేరింది, పక్క వేసి ఉంచండి అందట. అప్పటి నుంచి ఏడవకుండా, బెంగపడకుండా, వాకిలి వైపు తిరిగి పడుకుందట. ఆవిడ వెళ్ళిన మూడో రోజున నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. ఒక పగలూ ఒక రాత్రీ తల్లి చెయ్యి పట్టుకునే ఉందట ఆ పిల్ల.

"మా అమ్మ రాకపోయి ఉంటే నేను లేనన్నయ్యా," అంది కూతురు. ఆ పిల్ల గొంతు విన్నది నేను అప్పుడే.

గుమాస్తా గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు, ఆశగా, చిన్నపిల్లాడిలా.

"అయితే మూట ముందు పోవడం మంచికే అయిందంటారా పిన్నిగారూ?"

నేనైతే అవునని చెప్పేదాన్నేమో. ఉద్యోగం పోగొట్టుకున్నవాడికి ఆ మాత్రం మాట ఇస్తే పోయేదేముంది? ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"లేదు నాయనా. అది చూసి మా అల్లుడు మూడు రోజులు అన్నం ముట్టలేదు. నువ్వు చేసింది తప్పే. కానీ వెళ్ళి చెప్పావు చూడు, దానికోసం వచ్చాను."

వాడు గుడ్డముక్క తీసుకుని చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు. ఎంత తుడిచినా గ్రీజు పోదు. పరవాలేదు, మరకైతే ఉతుక్కుంటాం అని ఆ తల్లి పిల్లను వాడి చేతుల్లో పెట్టేసింది. పిల్ల కళ్ళు తెరిచి, కొత్త మొహాన్ని కాసేపు చూసి, ఏడవకుండా వాడి చొక్కా గుండీ పట్టుకుంది. వాడు కదలకుండా నిలబడ్డాడు. ఊపిరి కూడా మెల్లగా పీలుస్తున్నాడు.

బెజవాడ బస్సు వచ్చి ఆగింది. తిరుగు ప్రయాణానికి అది ఎక్కాలని అంతకుముందే అనుకున్నాం. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. ఆవిడ నా వైపు చూసింది. బస్సును పొమ్మని కండక్టరుకి నేనే చెయ్యి ఊపాను.